చేప గుడ్డుకూ ఊపిరాడాలి

సాల్మన్ చేప గుడ్లు పెట్టేది ఏటి అడుగున, గులకరాళ్ల మధ్య. ఆడచేప పక్కకు ఒరిగి, తోకతో టపటపా కొడుతూ గుంట చేస్తుంది. ఆ దెబ్బలకు రాళ్లలోని సన్నటి మట్టి లేచి ప్రవాహంలో పోతుంది. గుడ్లు పెట్టాక మళ్లీ గులకతోనే కప్పేస్తుంది. పురుడు రాకముందే గది కడుక్కున్నట్టు!

ఆ శుభ్రం ఎందుకంటే, గుడ్డు లోపలి పిల్లకూ ప్రాణవాయువు కావాలి. రాళ్ల సందుల్లో పారే నీరే దాన్ని అందిస్తుంది. ఎగువన అడవి నరికినా, కొండ తవ్వి రోడ్డు వేసినా, వానకు కొట్టుకొచ్చిన మెత్తటి ఒండ్రు ఆ సందులను పూడ్చేస్తుంది. గుడ్డుకు ఊపిరాడదు. గుడ్డు పగిలినా, పిల్ల పైకి రాలేక అక్కడే చిక్కుకుపోతుంది.

అలాగని మేట అసలు రాకపోయినా ముప్పే. అమెరికాలోని ఎల్వా నది మీద 1913లో ఒక డ్యాము, 1927లో మరొకటి కట్టారు. చేప ఎక్కడానికి దారి వదల్లేదు. గులక, ఇసుక డ్యాముల వెనకే ఆగిపోయాయి. దిగువన చిన్న రాళ్లు కొట్టుకుపోయి, తోకతో కదలని పెద్ద రాళ్లు మిగిలాయి. 2011లో కూల్చడం మొదలెట్టి 2014కల్లా రెండింటినీ తీసేశారు. కూల్చే నాటికి వాటి వెనక పేరుకున్న మేట సుమారు 2 కోట్ల ఘనపు మీటర్లు! అందులో చాలా భాగం కిందికి దిగుతుంటే కొన్నాళ్లు నీరు చిక్కటి బురదైంది, చేపలకు గడ్డుకాలమే. తర్వాత గులక పరుచుకుంది. ఇప్పుడు సాల్మన్లు పాత డ్యాముల చోటు దాటి పైన గుడ్లు పెడుతున్నాయి. నదికి దాని దారి వదిలితే ఎంత త్వరగా కోలుకుంటుందో!

కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిలోనైతే డ్యాము గులకను ఆపేస్తుంది కాబట్టి, దాని దిగువన లారీలతో గులక తెచ్చి పోస్తున్నారు.

మన గోదావరి పులస చేపకు గుడ్లు పెట్టడానికి గులక అక్కర్లేదు. వరదకు ఎర్రనీరు దిగాక అది సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుతుంది. అక్కడ బురదనీరు శత్రువు కాదు. ధవళేశ్వరం దగ్గర అడ్డుగా నిలిచే ఆనకట్టే అసలు ఇబ్బంది.

బొచ్చె, శీలావతి చేపలు కూడా వానకాలపు వరదల్లోనే గుడ్లు పెడతాయి. ఆ కాలంలో నదుల్లో ఇసుక తవ్వకూడదని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఊరి రేవులో అప్పుడు యంత్రాలు దిగితే ఊరుకోకండి, అధికారులకు ఫిర్యాదు చేయండి.