అందరి చెరువు

బత్తలపల్లె యున్న అనంతపురపు మెట్ట కరవు సీమ. అచ్చటి పల్లెలలో పూర్వము ఊరివారందరు కూడి చెరువు పూడిక తీసెడివారు. చెరువు అందరిదే గదా! కంప్యూటరు లోకమునను అట్టి చెరువు కలదు.

కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమే సాఫ్ట్‌వేర్. దాని మూలరచనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందరికిని హక్కున్నచో అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఈ ఉద్యమమును 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించెను. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి లినక్స్‌ను వెలువరింపగా, వేలమంది దానిని పెంచిరి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు దానిని తెలుగులోనికి తెచ్చిరి.

ఇందుకు తోడ్పడుటకు మహాపండితులే కానక్కరలేదు. దోషము కనిపించినచో, ఏమి చేయగా ఏమి జరిగినదో స్పష్టముగా వ్రాసి తెలుపవలెను. తెరపైని ఆంగ్లపదములకు సులభమైన తెలుగు మాటలను సూచింపవచ్చును. అనుభవజ్ఞులు పరీక్షించి, తగినదైనచో చేర్చుకొందురు.

లాభము లేదని వ్యాపారి మన భాషను విడువవచ్చును. ఇచ్చట మాత్రము దానికి మనమే చోటు కల్పింపగలము. విద్యార్థులారా! తట్టెడు మన్నెత్తిన చేయియు చెరువును నింపినదే.