పేగు వాపు, పథ్యం

క్రోన్స్ వ్యాధి వచ్చిన పిల్లలకు చేసే చికిత్సల్లో ఒకటి వినడానికి వింతగా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు మామూలు తిండి పూర్తిగా మానిపించి, పోషకాలన్నీ ఉన్న ద్రవాహారం మాత్రమే ఇస్తారు. అందులో మందేమీ ఉండదు. అయినా పదిమందిలో ఏడెనిమిది మందికి వ్యాధి శమిస్తుంది. స్టెరాయిడ్లలా ఇది పిల్లల ఎదుగుదలను దెబ్బతీయదు. ఐరోపాలో పిల్లల వైద్యులు తొలి చికిత్సగా దీన్నే ఎంచుకోవడం పరిపాటి.

ఆ ద్రవంలో ఉన్నదేదో మేలు చేస్తోందా, లేక రోజువారీ తిండిలోంచి ఏదో తొలగిపోవడం వల్ల మేలు జరుగుతోందా? రెండవ ఊహకే బలం ఎక్కువ. ఇజ్రాయెల్, కెనడాలలో జరిగి 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో, కొంత ద్రవాహారంతో పాటు ఎంపిక చేసిన ఇంటి వంట తిన్న పిల్లలు కూడా అంతే బాగా కోలుకున్నారు. పన్నెండు వారాల తరువాత ఇంకా మెరుగ్గా ఉన్నారు.

తొలగవలసినది ఏది? అనుమానితుల్లో ముఖ్యమైనవి ఎమల్సిఫయర్లు, అంటే నూనె, నీరు విడిపోకుండా ఐస్‌క్రీముల్లోనూ, సీసాల్లో అమ్మే సాసుల్లోనూ కలిపే పదార్థాలు. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, పాలీసోర్బేట్ 80 తిన్న ఎలుకల్లో పేగు గోడను కాపాడే జిగురుపొర పలచబడిందనీ, బాక్టీరియా గోడకు చేరువైందనీ 2015లో తేలింది. ఎలుక మనిషి కాదు నిజమే. అయితే 21 దేశాల్లో లక్షా పదహారు వేలమందిని గమనించిన అధ్యయనం (2021) కూడా ఇటువైపే చూపిస్తోంది: అతిగా శుద్ధిచేసిన ఆహారం రోజుకు ఐదుసార్లు, అంతకుమించి తినేవారికి, ఒకసారైనా తిననివారికంటే ముప్పు సుమారు 82 శాతం ఎక్కువ. చిక్కేమిటంటే, చికిత్సకు వాడే ద్రవాహారాల్లో కొన్నింటిలోనూ ఎమల్సిఫయర్లు ఉంటాయి! కాబట్టి నేరమంతా వాటిమీదికే నెట్టడానికి వీల్లేదు.

వలస వెళ్ళినవారికి ఇది దూరపు ముచ్చట కాదు. ఇంగ్లండులోని లెస్టర్‌లో స్థిరపడిన దక్షిణాసియావాసుల్లో అల్సరేటివ్ కొలైటిస్ స్థానిక ఐరోపావారికన్నా ఎక్కువగా కనిపించిందని 1990లలోనే వైద్యులు గమనించారు. కొన్నేళ్ళలో జన్యువులు మారవు. మారేది పరిసరాలు, వాటితో పాటు కంచంలోని తిండి.

వ్యాధి వచ్చాక తెలుగిళ్ళలో మొదట గుర్తొచ్చేది పథ్యం. పప్పు వద్దు, కూర వద్దు, కారం వద్దు. చివరికి చారన్నమే మిగులుతుంది. అసలే బరువు తగ్గుతున్న రోగికి ఇది ప్రమాదం. పీచు అందరికీ శత్రువు కాదు: పేగులోని బాక్టీరియా దాన్ని పులియబెట్టి తయారుచేసే బ్యుటిరేట్ పెద్దపేగు కణాలకు ముఖ్యమైన ఇంధనం. పేగు సన్నబడినవారు మాత్రం ములక్కాడ పిప్పి, పచ్చికూరల వంటివి దూరం పెట్టాలి. ఆ తేడా స్కానింగులోనే తెలుస్తుంది, పొరుగింటివారి అనుభవంతో కాదు. పథ్యం కుదిరింది కదా అని మందులు ఆపేసినవారికి వ్యాధి తిరగబెట్టడం వైద్యులు తరచుగా చూసేదే.