పెళ్లి వీడియోలో చుక్కలెందుకు?

రైల్వే ఉద్యోగాలకనీ, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికనీ వచ్చి రాయ్‌పూర్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో పాత పెళ్లి క్యాసెట్లు ఇప్పటికీ కనబడతాయి. వీడియో లైటు వెలుగుతున్నంతసేపూ తలంబ్రాలు తేటగా కనిపిస్తాయి. లైటు ఆరిపోయి, ట్యూబులైటు కింద అప్పగింతలు మొదలయ్యేసరికి మొహాల మీద రంగురంగుల చుక్కలు మెదులుతుంటాయి. కెమెరా నాసిరకమని విసుక్కుంటాం. దాని తప్పు కొంతే. అసలు కారణం వెలుగులోనే ఉంది.

వెలుగు ధారగా రాదు, వాన చినుకుల్లా ఫోటాన్లుగా పడుతుంది. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు పడితే హెచ్చుతగ్గులు 100 దాకా ఉంటాయి, అంటే 1 శాతం. వాటిని కన్ను పట్టదు. 100 మాత్రమే పడితే హెచ్చుతగ్గులు 10, అంటే 10 శాతం. ఇవే ఆ చుక్కలు. సర్క్యూట్ల రొద, వేడికి పుట్టే కరెంటు వీటికి తోడవుతాయి. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ కరెంటు రెట్టింపవుతుంది. రాయ్‌పూర్ వేసవి పెళ్లిళ్లలో కెమెరాకు ఇదో అదనపు కష్టం.

ఫోటాన్లను పట్టే సీసీడీ చిప్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ మెమరీ పరికరం కోసం ఆలోచిస్తూ దీన్ని కనిపెట్టారు. 2009లో నోబెల్ అందుకున్నారు. దీన్ని ఇంటింటి వస్తువుగా మార్చాలని పట్టుబట్టినవాడు సోనీకి చెందిన కజువో ఇవామా. 1982లో ఆయన మరణించాక సమాధి మీద ఒక సీసీడీ చిప్‌ను అతికించారు. 1985లో సోనీ సీసీడీ-వీ8, 1989లో 790 గ్రాముల టీఆర్55 వీడియో కెమెరాలు వచ్చాయి.

కెమెరా చిన్నదయ్యేకొద్దీ చిప్పూ చిన్నదైంది, ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుగూ తగ్గింది. పైగా అప్పటి మన పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు (సగం ఫ్రేములు). షట్టర్ సెకనులో 50వ వంతుకు మించి తెరిచి ఉంటే కదలిక సాగిపోతుంది. అందుకే కెమెరా గెయిన్‌ను, అంటే సిగ్నల్ పెంపును, ఎక్కువ చేస్తుంది. 18 డెసిబెల్స్ అంటే సిగ్నల్ 8 రెట్లు, దానితోపాటే చుక్కలూ 8 రెట్లు. పసుపు బల్బు వెలుగులో నీలం తక్కువ. ఆ నీలాన్నే ఎక్కువగా పెంచాల్సి వస్తుంది కాబట్టి ముదురు రంగు చీరల మీద నీలి మచ్చలు తేలతాయి.

2009లో ఇంటి వీడియో కెమెరాల్లోకి వచ్చిన వెనుకవైపు వెలుగు పట్టే సెన్సర్లు కొంత మేలు చేశాయి. వైర్ల పొర అడ్డు తొలగడంతో ఎక్కువ ఫోటాన్లు లోపలికి వెళ్లాయి. అయినా నా మాట ఒకటే: గదిలో వెలుగు పెంచడాన్ని మించిన మందు లేదు. జూమ్ చేస్తే చాలా లెన్సుల్లో వెలుగు ఇంకా తగ్గుతుంది కాబట్టి మనిషి దగ్గరికి వెళ్లి తీయాలి.

ఇప్పటికే తీసిన వీడియోకు సాఫ్ట్‌వేర్ ఉంది. కదలని దృశ్యంలో 16 ఫ్రేములను కలిపి సగటు తీస్తే చుక్కలు నాలుగో వంతుకు తగ్గుతాయి. కదిలే చేతుల దగ్గర మాత్రం నీడలు మిగులుతాయి. మోతాదు మించితే జరీ అంచు, జుట్టు పాయ, నుదుటి ముడత కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అమ్మమ్మ మొహంలో ముడతలు పోగొట్టుకోవడం కన్నా చుక్కలు ఉండనివ్వడమే మంచిది.

మాగ్నెటిక్ టేపుకు వేడి, చెమ్మ రెండూ పడవు. క్యాసెట్‌ను ముందు ఉన్నదున్నట్టు డిజిటల్‌లోకి ఎక్కించండి. శుభ్రం చేసేది దాని కాపీ మీదే చేయండి. వానలు పడకముందే ఆ పని చేయించండి.