బీడు గడ్డి మీద వాలే అతిథులు

నవంబరు నెల వచ్చేసరికి మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతానికి అతిథులు రావడం మొదలవుతుంది. మనం పిలవలేదు, బస ఏర్పాటు చేయలేదు. అయినా ఏటా అదే కాలానికి వస్తారు, మార్చి, ఏప్రిల్ నెలలలో తిరిగి వెళ్ళిపోతారు. వీరు వలస పక్షులు. ఆకాశాన ఎగిరే పక్షులు తాము రావలసిన కాలాన్ని ఎరుగునని యిర్మీయా ప్రవక్త ఏనాడో గమనించాడు. వాటి కాలం వాటికి తెలుసు. అవి దిగే చోటు విలువ మనకు తెలుసా? మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ సంగతే.

కొండ, చెరువు, చేను

మనకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది. నంద్యాల నుండి గిద్దలూరు వెళ్ళే దారీ, రైలు మార్గమూ నల్లమల అడవిలోనుండే పోతాయి. ఆ అడవిలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. పులి, చిరుత, ఎలుగుబంటి, కణుతులకు అది నివాసం. ఉత్తరాదివారు తొమ్మిది రంగుల పిట్ట అని పిలిచే పొన్నంగి పిట్ట చలికాలం గడపడానికి దక్షిణాది అడవులకు వస్తుంది. అది నేలమీద ఎండుటాకులను తిరగవేసి పురుగులను ఏరుకుని తింటుంది.

జొన్న కంకి పాలుపోసుకునే వేళకు గులాబీరంగు గోరింకలు గుంపులుగా దిగుతాయి. మంచె ఎక్కి ఒడిసెల తిప్పే రైతుకు వాటిమీద కోపం రావడం సహజమే. కాని మధ్య ఆసియాలోని తమ స్వస్థలంలో మిడతల దండును తిని పంటలను కాపాడేది ఈ గోరింకలే.

తలపై రెండు నల్లని పట్టీలు గల బూడిదరంగు పెద్ద బాతులు మంగోలియా, టిబెట్ సరస్సుల నుండి హిమాలయాలను దాటి దక్షిణాది జలాశయాలకు వస్తాయి. పరిశోధకులు వీటికి చిన్న యంత్రాలు కట్టి చూడగా, 7 వేల మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరినట్లు తేలింది. అక్కడ మనిషికి ఊపిరి ఆడడమే కష్టం.

రోళ్ళపాడు చెప్పే పాఠం

నందికొట్కూరు ప్రాంతంలో మిడుతూరు మండలంలోని రోళ్ళపాడును చాలామంది చూసి ఉండరు. అక్కడ కొండ లేదు, జలపాతం లేదు, ఉన్నదంతా మోకాటి ఎత్తు గడ్డి. ఆ గడ్డిలో బతికే బట్టమేకపిట్ట కోసమే 1988లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే.

బట్టమేకపిట్ట వలస పక్షి కాదు, మన సొంత పక్షి. దాదాపు ఒక మీటరు ఎత్తు ఉంటుంది, మగపక్షి 15 కిలోల వరకు తూగుతుంది. సాధారణంగా ఒకే ఒక గుడ్డును, అదీ నేలమీదే పెడుతుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ దీనిని జాతీయ పక్షిగా చేయాలని కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

కంచె వేశారు, కావలి పెట్టారు. అయినా నేడు రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కనబడదు. ఎందుకని? కంచె లోపల గడ్డి ఉన్నా, వెలుపల బతుకు మారిపోయింది. కాలువ నీళ్ళు వచ్చాయి, బీళ్ళు చేలయ్యాయి, మెట్టపంటల స్థానంలో వేరే పంటలు వచ్చాయి. ఆ పక్షి మేత కోసం కంచె దాటి చాలా దూరం తిరుగుతుంది. మరొకవైపు, రక్షణ దొరికిన కృష్ణజింకలు వందలుగా పెరిగి రైతుల చేలను మేశాయి. అప్పుచేసి విత్తనం వేసిన రైతు ఆ నష్టాన్ని ఎలా సహించగలడు? అభయారణ్యం అంటేనే చుట్టుప్రక్కల పల్లెలకు విరోధం ఏర్పడింది. పొరుగువాని నష్టాన్ని పట్టించుకోకుండా పక్షిని కాపాడబోతే, చివరకు పక్షీ దక్కలేదు.

2011 నుండి ఈ పక్షి అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాబితాలో ఉంది. దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు నూట యాభై మాత్రమే, వాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో ఉన్నాయి. అక్కడ గుడ్లను సేకరించి పిల్లలను పొదిగించే కేంద్రం నడుస్తోంది. విద్యుత్ తీగలకు తగిలి చావడం వీటికి మరొక ముప్పు.

ఇంకా ఉన్నవారి సంగతి

రోళ్ళపాడు గడ్డికి ఇంకా అతిథులున్నారు. కజకిస్తాన్ మైదానాలలో గూళ్ళు కట్టుకునే హారియర్ గద్దలు చలికాలానికి ఇక్కడికి వస్తాయి. పగలంతా చేలమీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను, ఎలుకలను పట్టి తింటాయి. రైతుకు కూలి అడగని పనివారు! ప్రొద్దు గుంకే వేళ గుంపుగా చేరి, చెట్లమీద కాక గడ్డిలో నేలమీదే నిద్రిస్తాయి. కాబట్టి గడ్డికి నిప్పు పెట్టినా, దున్నివేసినా వాటికి పడక ఉండదు. మిడతల మీద మందు చల్లితే వాటికి మేత ఉండదు. మునుపటికంటే వీటి సంఖ్య తగ్గిందని పరిశీలకులు చెబుతున్నారు.

గడ్డి నేలను మనం బంజరు అంటాం. దేనికీ పనికిరాదన్నట్లు లెక్కలలో వ్రాసుకుంటాం. గొర్రెల కాపరికి అది మేత, కుందేలుకు ఇల్లు, వేలమైళ్ళు ఎగిరి వచ్చిన గద్దకు రాత్రి బస. అందులో బంజరు ఏది?

మనం చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఊరి బీడుకు ఊరకనే నిప్పు పెట్టకుండా చూడవచ్చు. పురుగుమందు అవసరమైనంతే వాడవచ్చు. ఒడిసెల పక్షిని బెదరించడానికే గాని చంపడానికి కాదని పిల్లలకు నేర్పవచ్చు. జింకలవల్ల పంట పోయిన రైతుకు సకాలంలో పరిహారం అందాలని అతనితో కలిసి అడగవచ్చు. డిసెంబరు సెలవులలో ఒక ఉదయం పిల్లలను చెరువుగట్టుకు తీసుకువెళ్ళి, ఏ పిట్ట ఏ తేదీన కనబడిందో ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. మరుసటి సంవత్సరం అదే పుస్తకం తీసి, వచ్చినవారెవరో, రానివారెవరో వారే చూచుకుంటారు.