ఖర్చు ఒకరి పద్దులో, రాబడి ఇంకొకరి పద్దులో
(కాలిఫోర్నియా పన్నుల తగాదా - వలస వచ్చినవారి లెక్క)

పన్ను సంతోషంగా కట్టే మనిషి ఏ దేశంలోనూ కనబడడు. కాని ఆ పన్నుతో నడిచే బడి, ఆసుపత్రి, రోడ్డు మాత్రం అందరికీ కావాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న సందులోనే రాజకీయ పక్షాలు కాపురం పెడతాయి. ఆ సందులోకి బయటినుంచి వచ్చినవాడొకడు అడుగుపెట్టాడంటే ఇక చెప్పనక్కరలేదు. "మేం కట్టే పన్నుతో వాళ్ళ పిల్లలకు చదువులా?" అని ఒక పక్షం, "వాళ్ళ చెమట మీద బతుకుతూ ఈ మాటలేమిటి?" అని ఇంకో పక్షం.

అమెరికాలో ఈ వాదం బాగా ముదిరిన రాష్ట్రం కాలిఫోర్నియా. మన ప్రాంతం నుంచి వెళ్ళిన ఇంజనీర్లు వేలమంది ఉంటున్న రాష్ట్రం కూడా అదే. కనుక ఆ పద్దుల పుస్తకం తెరిచి చూడడం మనకు అక్కరకు రాని పని కాదు.

1978లో పడ్డ ముడి

కథ వలసలతో మొదలు కాలేదు, ఇంటిపన్నుతో మొదలైంది. 1970లలో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు పెరిగాయి. వాటితోపాటు పన్నూ పెరిగింది. జీతం పెరగని వాళ్ళకీ, పింఛను మీద బతికే ముసలివాళ్ళకీ సొంత ఇల్లే భారమైంది. హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు సంతకాలు సేకరించి 13వ నంబరు ప్రతిపాదనను ప్రజల ముందు పెట్టారు. 1978 జూన్ 6న దాదాపు 65 శాతం ఓటర్లు "సరే" అన్నారు.

దాని ప్రకారం ఆస్తి పన్ను విలువలో 1 శాతానికి మించకూడదు. ఆ విలువను 1975-76 నాటి స్థాయికి తగ్గించారు. ఆస్తి చేతులు మారితే తప్ప ఏటా 2 శాతం కంటే ఎక్కువ పెంచడానికి వీలులేదు. రాష్ట్ర పన్నులు పెంచాలంటే శాసనసభలో మూడింట రెండువంతుల మంది ఒప్పుకోవాలి.

స్థానిక సంస్థలకు ఆస్తి పన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. బడులను ఆదుకునే బాధ్యత రాష్ట్ర రాజధాని శాక్రమెంటో మీద పడింది. రాష్ట్రమేమో ఎక్కువగా ఆదాయపు పన్ను మీద ఆధారపడింది. మంచి రోజుల్లో ఆదాయపు పన్ను బాగానే వస్తుంది, గడ్డురోజుల్లో ముందుగా ఎండిపోయేదీ అదే. అలా ఊరి బడి ఖర్చు కాస్తా రాష్ట్ర రాజకీయమైంది.

బొక్కసం ఖాళీ

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక రక్షణ పరిశ్రమలు కుంచించుకుపోయాయి. 1990ల తొలి సంవత్సరాల్లో కాలిఫోర్నియా పెద్ద మాంద్యంలో పడింది. 1991లో బడ్జెట్టులోటు సుమారు 1,400 కోట్ల డాలర్లు. అప్పటి గవర్నరు పీట్ విల్సన్ రిపబ్లికన్. పన్నులంటే గిట్టని పక్షం మనిషి అయినా, గత్యంతరం లేక సుమారు 700 కోట్ల డాలర్ల మేరకు పన్నులు పెంచాడు. సొంత పక్షంవాళ్ళే మండిపడ్డారు. 1994 ఎన్నికలు దగ్గరపడేసరికి గెలుపు అనుమానంలో పడింది.

ఆ సమయంలో వచ్చింది 187వ నంబరు ప్రతిపాదన. అనుమతి పత్రాలు లేకుండా వచ్చినవారికి ప్రభుత్వ బడి, అత్యవసరం కాని వైద్యం, సంక్షేమ సహాయం ఇవ్వకూడదని దాని సారాంశం. అంతేకాదు, ఎవరిమీదైనా అనుమానం వస్తే బడివాళ్ళు, వైద్యసిబ్బంది అధికారులకు తెలియజేయాలట! విల్సన్ దాన్ని భుజాన వేసుకున్నాడు. 1980లలో సెనేటరుగా ఉన్నప్పుడు పొలాలకు బయటి కూలీలు కావాలని వాదించినవారిలో ఆయనా ఒకడని ఇక్కడ గుర్తుంచుకోవాలి. కూలీ కావాలి గాని, కూలీ బిడ్డ బడికి రాకూడదన్నమాట!

59 శాతం ఓట్లతో ప్రతిపాదన నెగ్గింది, విల్సన్ కూడా నెగ్గాడు. అయితే రిపబ్లికన్ ప్రముఖులైన జాక్ కెంప్, విలియం బెన్నెట్ దాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. అన్నీ పక్షాల గీత ప్రకారమే నడిచాయనుకుంటే పొరబాటు.

చట్టం అమలుకు మాత్రం నోచుకోలేదు. ఫెడరల్ కోర్టు ఆపేసింది. ఎందుకంటే 1982లోనే టెక్సాస్ కేసులో, పత్రాలు లేని పిల్లలకైనా ప్రభుత్వ బడి తలుపు మూయరాదని అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. తల్లిదండ్రులు గీత దాటితే ఆ శిక్ష పిల్లలకెందుకన్నది తీర్పులోని కీలకాంశం. 1999లో తర్వాతి గవర్నరు, డెమొక్రాట్ అయిన గ్రే డేవిస్ హయాంలో అప్పీలు విరమించడంతో 187 కథ ముగిసింది.

అంకెలు ఏమంటున్నాయి?

ఇంతకీ వలస వచ్చినవారు భారమా, లాభమా? అమెరికా జాతీయ పరిశోధన మండలి 1997లో దీనిమీద లెక్కకట్టింది. ఒక సగటు వలసదారు, ఆయన సంతానం కలిసి దీర్ఘకాలంలో ప్రభుత్వాలకు మిగిల్చేది 80,000 డాలర్లు. అయితే అసలు కిటుకు ఇక్కడే ఉంది: ఫెడరల్ ప్రభుత్వానికి 1,05,000 డాలర్ల లాభం, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు 25,000 డాలర్ల నష్టం.

కారణం కష్టమైనదేమీ కాదు. జీతంలో కోసే పెద్ద పన్నులు వాషింగ్టన్‌కు పోతాయి. బడి ఖర్చు మాత్రం రాష్ట్రమూ ఊరూ భరించాలి. పిల్లవాడి చదువు ఇవాళ ఖర్చు, వాడు కట్టే పన్ను ఇరవై ఏళ్ళ తర్వాతి రాబడి. గవర్నరు పదవీకాలం నాలుగేళ్ళే. కనుక మనిషి ఒకడే అయినా ఒక పుటలో అప్పుగా, మరో పుటలో ఆస్తిగా కనిపిస్తాడు. ఏ పక్షానికి కావలసిన పుట ఆ పక్షం చదువుతుంది.

పత్రాలు లేనివారి లెక్కయితే మరీ చిక్కు. 2022లో వారు మొత్తం 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని, అందులో 3,730 కోట్లు రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకే చేరాయని ఒక సంస్థ లెక్క. ఆ సంస్థ ఉదారవాదుల వైపు మొగ్గుతుంది. వారివల్ల దేశానికి ఏటా 15,070 కోట్ల డాలర్ల నికర భారమని, వలసలు తగ్గించాలని కోరే మరో సంస్థ 2023లో ప్రకటించింది. ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? రెండో సంస్థ అమెరికాలోనే పుట్టి ఆ దేశ పౌరులైన పిల్లల చదువు ఖర్చును కూడా తల్లిదండ్రుల ఖాతాలో రాసింది. ఆ పిల్లలు రేపు కట్టబోయే పన్ను మాత్రం అందులో లేదు. తగాదా అంకెల మీద కంటే, ఎవరిని లెక్కలో చేర్చాలన్నదాని మీదే ఎక్కువ.

డెమొక్రాట్ల వంతు

అయితే ఖాళీ బొక్కసం ముందు డెమొక్రాట్లు కూడా ఒకే మాట మీద నిలబడలేదు. కాలిఫోర్నియాలో పేదల వైద్యపథకాన్ని పత్రాలు లేనివారికి మెట్టుమెట్టుగా విస్తరించారు: 2016లో పిల్లలకు, 2020లో యువకులకు, 2024 జనవరి నాటికి అన్ని వయసులవారికి. తీరా 2025లో దాదాపు 1,200 కోట్ల డాలర్ల లోటు ఎదురయ్యేసరికి, అదే డెమొక్రాటిక్ ప్రభుత్వం 2026 జనవరి నుంచి పత్రాలు లేని పెద్దవాళ్ళను ఈ పథకంలో కొత్తగా చేర్చుకోరాదని నిర్ణయించింది. మాటల్లో పక్షాల మధ్య ఆమడ దూరం ఉన్నా, లోటు వచ్చినప్పుడు ముందుగా కోత పడేది ఓటు లేనివాడి మీదనే.

మరి మన సంగతి?

1997 నాటి లెక్కలో ఇంకో విశేషం ఉంది. హైస్కూలు పూర్తిచేయని వలసదారు వల్ల 13,000 డాలర్ల నష్టం వస్తే, కాలేజీ మెట్టు ఎక్కినవాడి వల్ల 1,98,000 డాలర్ల లాభమట. మరి ఆ చదువుకు పెట్టుబడి పెట్టిందెవరు? మన ప్రభుత్వ కాలేజీల్లో చదివి వెళ్ళినవారి విషయంలో, ఇక్కడ అగ్గిపెట్టె మీద పన్ను కట్టిన రైతూ, కూలీ! నష్టం పద్దు ఆంధ్ర, తెలంగాణల్లో, లాభం పద్దు అమెరికాలో. ఇలా వెళ్ళినవారి నుంచి అదనపు పన్ను వసూలుచేసి స్వదేశానికి పంపాలని 1970లలో ఆర్థికవేత్త జగదీశ్ భగవతి సూచించారు. అది కాగితం మీదనే ఉండిపోయింది.

అక్కడ మాత్రం మనవాళ్ళకు అంతా లాభమేనా? తాత్కాలిక వీసా మీద పనిచేసేవారి జీతంలోనూ వృద్ధాప్య పింఛను పన్ను కోస్తారు. పదేళ్ళు నిండకుండా తిరిగివస్తే మామూలుగా ఆ పింఛను రాదు. ఈ విషయంలో భారత్, అమెరికాల మధ్య ఒప్పందం లేదు.

కాబట్టి మిత్రులారా, "వలసవాళ్ళ వల్ల ఇంత ఖర్చు" అని ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు - అది కాలిఫోర్నియా అయినా, మన హైదరాబాదుకు ఇటుక బట్టీల పనికి వచ్చే ఒడిశా కూలీ సంగతైనా - మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఏ ప్రభుత్వం పద్దు? ఎన్నేళ్ళ లెక్క? ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు? ఈ మూడింటికీ జవాబు చెప్పలేనివాడు చెప్పేది లెక్క కాదు, ఎన్నికల నినాదం. ఆ నినాదానికి మూల్యం చెల్లించేది మాత్రం బడి గుమ్మంలో నిలబడిన పిల్లవాడు.