బిడ్డతోపాటు బిడ్డ పుట్టిన నేలనూ...

సంఘంలో ఒక కుటుంబం బిడ్డను దత్తత తీసుకున్నదంటే మనమంతా సంతోషిస్తాం, దేవునికి స్తోత్రాలు చెల్లిస్తాం. దిక్కులేని బిడ్డకు ఇల్లు దొరికిందంటాం. మరి ఆ బిడ్డ విడిచి వచ్చిన ఇంటి మాటేమిటి? ఆ ప్రశ్న మనం సాధారణంగా అడగం. సముద్రాలు దాటి వెళ్లి పిల్లలను తెచ్చుకున్న కుటుంబాల చరిత్ర చదివితే మాత్రం, అది అడగక తప్పని ప్రశ్న అని అర్థమవుతుంది.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో హ్యారీ హోల్ట్, బెర్తా హోల్ట్ అనే విశ్వాసులైన దంపతులుండేవారు. వ్యవసాయం, కలప పని వారి జీవనాధారం. వారికి ఆరుగురు పిల్లలు. 1954 డిసెంబరులో వారు కొరియా యుద్ధంలో అనాథలైన పిల్లలను గూర్చిన ఒక చలనచిత్రం చూశారు. విదేశీ సైనికులకూ కొరియా స్త్రీలకూ పుట్టిన పిల్లలను అక్కడి సమాజం వెలివేస్తున్నదని తెలిసి వారి హృదయం ద్రవించింది. ఎనిమిది మందిని తమ ఇంటికి తెచ్చుకోవాలని తీర్మానించుకున్నారు. అప్పటి అమెరికా చట్టం ఒక కుటుంబానికి ఇద్దరినే అనుమతించేది. బెర్తా పట్టు విడవకుండా విజ్ఞాపన చేయగా, 1955లో అమెరికా కాంగ్రెస్ వారికోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. హ్యారీ అప్పటికే గుండెజబ్బు మనిషి, వయసు యాభై దాటింది. అయినా ఒంటరిగా బయలుదేరాడు.

దారిలో టోక్యోలో ఆగినప్పుడు ఆయన బైబిల్ తెరిస్తే యెషయా 43వ అధ్యాయం ఐదవ వచనం కనిపించింది. తూర్పునుండి నీ సంతానాన్ని రప్పిస్తానని దేవుడు చేసిన వాగ్దానమది. దాన్ని ఆయన తనకిచ్చిన మాటగానే స్వీకరించాడు. ఆ తరువాత ఆయన కాలు మోపింది యుద్ధంలో నాలుగుసార్లు చేతులు మారిన సియోల్ నగరంలో. ఆ ఏడాది అక్టోబరులో పన్నెండుమంది పిల్లలతో తిరిగి వచ్చాడు. వారిలో ఎనిమిది మంది హోల్ట్ దంపతుల బిడ్డలయ్యారు.

అయితే ఆ వాగ్దానం మొదట ఎవరికివ్వబడింది? బబులోను చెరలో ఉన్న ఇశ్రాయేలీయులకు. పరదేశంలో చెదిరిపోయిన పిల్లలను దేవుడు వారి స్వదేశానికి తిరిగి తెస్తాడన్నదే ఆ మాటకు మూలార్థం. హ్యారీ చదివింది స్వదేశం విడిచి వెళ్లే పిల్లలను ఉద్దేశించి. ఆయన విశ్వాసాన్ని మనం తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ వాక్యంలోని రెండో సగం, అంటే బిడ్డకూ నేలకూ ఉన్న బంధం, ఆ తరువాతి దశాబ్దాల్లో చాలామంది మరచిపోయారు.

ఎలాగంటే, హోల్ట్ దంపతుల ఉదాహరణ చూసి వేల కుటుంబాలు ముందుకు వచ్చాయి. వారిలో చాలామంది కొరియాకు వెళ్లలేదు. కాగితాల మీదే దత్తత పూర్తయ్యేది, పిల్లలు ఇతరుల వెంట విమానంలో వచ్చేవారు, తల్లిదండ్రులు తమ ఊరి విమానాశ్రయంలో వారిని ఎత్తుకునేవారు. బిడ్డ పడుకున్న గది, తిన్న అన్నం, విన్న జోలపాట, ఏవీ వారు ఎరుగరు. దశాబ్దాల పాటు లక్షన్నరకు పైగా కొరియా పిల్లలు ఇలా విదేశాలకు తరలిపోయారు.

వారిలో కొందరు పెద్దవారై కన్నవారిని వెదుకుతూ కొరియా వచ్చారు. తమ కాగితాల్లో ‘అనాథ’ అని ఉంది, తల్లి మాత్రం బతికే ఉంది! 367 మంది చేసిన ఫిర్యాదులపై దక్షిణ కొరియా సత్య సయోధ్య సంఘం విచారణ జరిపి, 2025 మార్చిలో తన నిర్ణయం వెల్లడించింది. కన్నవారున్న పిల్లలను సైతం అనాథలుగా నమోదు చేశారనీ, ప్రభుత్వం తన బాధ్యత విస్మరించి వారి హక్కులను ఉల్లంఘించిందనీ తేల్చింది. మంచి మనసుతో చేతులు చాచిన కుటుంబాలెన్నో. ఆ చేతుల్లో పెట్టిన కాగితమే అబద్ధమైతే, ఆ ప్రేమకు కూడా గాయం తగులుతుంది.

కొరియా చట్టం 2012 ఆగస్టు నుండి మారింది. బిడ్డ పుట్టిన ఏడు రోజుల వరకు తల్లి సమ్మతి చెల్లదు. దత్తతకు కుటుంబ న్యాయస్థానం ఆమోదం కావాలి. అందుచేత పెంచుకునేవారు స్వయంగా సియోల్ వెళ్లవలసి వచ్చింది. అక్కడ వారికి మొదట ఎదురయ్యేది తరచుగా ఒక పెంపకపు తల్లి. ఆమె తన ఇంట్లో ఆ బిడ్డను నెలల తరబడి పెంచి, వీపున గుడ్డతో కట్టుకుని తిప్పిన స్త్రీ. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళితే, వెచ్చని నేలమీద పరుపు పరచి ఉంటుంది. బిడ్డ కొత్తవారిని చూసి ఏడ్చి ఆమె మెడను కరచుకుంటుంది. చాపమీద పెరిగిన మనకు, అమ్మమ్మ చంకలో నిద్రపోయిన మనకు ఆ ఏడుపు ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. బిడ్డకు ప్రేమ కొత్తగా దొరకడం లేదు, ఒక ప్రేమ నుండి మరో ప్రేమకు వెళుతున్నదని ఆ క్షణాన తెలుస్తుంది.

ఇక్కడే ప్రయాణికుని చూపు పరీక్షకు నిలుస్తుంది. మోషే పంపిన పన్నెండుమంది వేగులవారు చూసింది ఒకే కనాను. పదిమంది ఆ దేశం గూర్చి చెడ్డ సమాచారం వ్యాపింపజేశారు, ఇద్దరు మాత్రం మంచి దేశమన్నారు (సంఖ్యా 13, 14 అధ్యాయాలు). దత్తతకు వెళ్లినవారు కూడా ఒక విధంగా వేగులవారే. వేడి, దుమ్ము, ఇరుకు, లంచం, భాష అర్థంకాని కార్యాలయం - ఇవే వారు ఇంటికి మోసుకొచ్చే మాటలైతే, బిడ్డ పెరిగి పెద్దయ్యాక ‘నేను పుట్టింది అలాంటి చోటా?’ అని తలదించుకుంటుంది. బిడ్డకు తన దేశం గూర్చి అందే మొదటి సువార్త గానీ, మొదటి దూషణ గానీ, పెంచినవారి నోటి నుండే.

మోషే సంగతి చూడండి. ఫరో కుమార్తె పెట్టె తెరవగానే, వీడు హెబ్రీయుల బిడ్డ అని గుర్తించింది, దాచలేదు (నిర్గమ 2:6). జీతమిచ్చి పెంచమని ఆ బిడ్డను కన్నతల్లి చేతికే అప్పగించింది, తెలియకుండానే! ఐగుప్తు విద్యలన్నీ నేర్చిన మోషే, పెద్దవాడై తన సహోదరుల దగ్గరికి వెళ్లి వారి భారాలను కళ్లారా చూశాడు. నది ఒడ్డున ఒక తల్లి ఉన్నదన్న సంగతిని రాజభవనం తుడిచివేయలేకపోయింది.

ఇది మన తెలుగునేలకు దూరపు విషయం కాదు. మన దేశంలో క్రైస్తవ దంపతులు 1890 నాటి చట్టం కింద బిడ్డకు సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. బాలల న్యాయచట్టం, మరి ముఖ్యంగా 2006 సవరణ, 2015 చట్టం వచ్చాక, వారు సంపూర్ణంగా తల్లిదండ్రులు కాగలుగుతున్నారు. బిడ్డను అప్పగించిన కన్నవారికి పునరాలోచనకు అరవై రోజుల గడువు కూడా చట్టం ఇచ్చింది. విదేశాల్లో ఉంటున్న మనవారు సైతం కేంద్ర దత్తత సంస్థ ద్వారానే రావాలి. ‘ఇన్ని కాగితాలెందుకు, తెలిసినవారు ఇప్పిస్తారు కదా’ అనే మాట మన సంఘాల్లో వినిపిస్తే దాన్ని సున్నితంగానైనా ఖండించాలి. ఆ ఆలస్యం ఒక తల్లి కన్నీటికి ఇచ్చే గౌరవం.

హ్యారీ హోల్ట్ 1964లో కొరియాలోనే కన్నుమూశాడు, ఇల్సాన్‌లో సమాధి చేశారు. 2000లో మరణించిన బెర్తాను ఆయన పక్కనే ఉంచారు. వారి కుమార్తె మాలీ 1956 నుండి ఆ దేశంలో సేవచేసి 2019లో అక్కడే ప్రభువును చేరుకుంది. పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చినవారు, ఆ పిల్లల మట్టిలోనే కలిసిపోయారు.

మనం దత్తపుత్రాత్మను పొందినవారమని పౌలు రోమా సంఘానికి రాశాడు (8:15). మనల్ని దత్తత తీసుకున్న తండ్రి కాగితం పంపి పిలిపించుకోలేదు. ఆయన కుమారుడు శరీరధారియై మన మధ్య నివసించాడు (యోహాను 1:14). నజరేతు దుమ్ములో నడిచాడు, మన భాష మాట్లాడాడు, మన రొట్టె తిన్నాడు, మన నేలను ఏవగించుకోలేదు. ఒక బిడ్డకోసం బయలుదేరే ప్రతి విశ్వాసీ ఆ అడుగుజాడల్లోనే నడవాలి. బిడ్డను చేతుల్లోకి తీసుకునే ముందు బిడ్డ నేలను హృదయంలోకి తీసుకోవాలి. దేవుడు మనకు అట్టి కృప దయచేయును గాక!