కంటికి ఆనని పొర: చేసుడు సగం పని, రుజువు చేసుడు అసలు పని

చిప్స్ ప్యాకెట్ చింపి లోపల చూడుండ్రి. అద్దం లెక్క మెరుస్తది. చానామంది అది రేకు అనుకుంటరు. రేకు కాదు. అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ కాగితం మీద పట్టిచ్చిన పొర. కండ్లద్దాల మీద ఆకుపచ్చ ఛాయ కొట్టేది గసొంటి పొరనే. సెల్‌ఫోన్ తెర మన వేలును గుర్తువట్టేది కూడా అద్దం మీదున్న ఒక పొరతోనే. ఇండ్ల మీద, పొలాల కాడ కనవడే సోలార్ పలకలకు నీలం రంగు ఎక్కడిదనుకుంటున్రు? ఉత్త సిలికాన్ బూడిద రంగుల ఉంటది, మీద పడ్డ ఎండల మూడో వంతు దాకా ఎనుకకే తిప్పి కొడ్తది. దాని మీద 75, 80 నానోమీటర్ల మందంల సిలికాన్ నైట్రైడ్ పొర వేస్తే వెలుగు లోపలికి దిగుతది, పలక నీలంగ కనవడ్తది. మనిషి వెంట్రుక మందం 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. ఇగ ఆ పొర ఎంత పల్చగుంటదో మీరే లెక్కగట్టుకోండ్రి.

వీటినే థిన్ ఫిల్మ్స్ అంటరు. మనం పల్చటి పొరలు అనుకుందాం. కొత్త పదార్థాల పరిశోధన అని పేపర్లల్ల వచ్చే వార్తలల్ల చానా మట్టుకు ఈ పొరల ముచ్చట్లే. కొత్త సోలార్ సెల్లు, కొత్త సెన్సరు, కొత్త చిప్పు, ఏది తీసుకున్నా అడుగున ఒక పొర ఉంటది. అది ఎట్ల చేస్తరు, చేసినంక అది అదే అని ఎట్ల తెల్సుకుంటరు అన్నది మన భాషల చెప్పేటోళ్లు తక్కువ. ఇది సైంటిస్టులకు మాత్రమే పనికొచ్చే ముచ్చట కాదు. ఆ ల్యాబులు నడిచేది మన పన్నుల పైసలతోని.

పల్చటి పొర మనకు కొత్తది కాదు. హైదరాబాద్ పాతబస్తీల మిఠాయిల మీద వేసే వెండి వరఖ్ కొట్టేటోళ్లు ఉన్నరు. వెండి ముక్కను పొరల నడుమ పెట్టి గంటల తరబడి సుత్తెతోని కొట్టి, ఊదితే ఎగిరిపోయేంత పల్చగ చేస్తరు. ఆ చేతుల నొప్పికి ఏ డిగ్రీ ఇయ్యలే, అది వేరే బాధ. వరఖ్ మంచిగొచ్చిందా లేదా అని ఆ ఉస్తాద్ కంటితోనే చెప్తడు. ల్యాబుల చేసే పొరను కన్ను చెప్పలేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలైతది.

వరఖ్ కొట్టుడంటే పెద్దదాన్ని పల్చగ చేసుడు. ల్యాబుల దానికి ఉల్టా నడుస్తది, అణువు మీద అణువు పేర్చుకుంట వస్తరు. ముందుగాల అద్దం ముక్కను కడుగుతరు. సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, ఎసిటోన్, ఆల్కహాల్, ఒకదాని ఎనుక ఒకటి. వేలి ముద్ర పడ్డదంటే ఆ జాగల పొర పట్టదు, పట్టినా లేస్తది. కొత్తగ వచ్చిన పరిశోధక విద్యార్థికి మొదటి నెలలు ఈ కడుగుడుతోనే పోతయి. పేపర్ల ఇది ఒక్క లైను. పనిల సగం ఇదే.

తర్వాత ఒక మూత పెట్టిన గదిల, చాంబర్ అంటరు దాన్ని, గాలి మొత్తం గుంజేస్తరు. బయటి గాలితోని పోలిస్తే వంద కోట్ల వంతు మిగిలేదాక పంపులు తిరుగుతయి. ఎందుకంత? మేడారం జాతరల గద్దెల కాడికి తిన్నగ నడువుండ్రి చూద్దాం. అడుగు వెయ్యంగనే ఎవలకో ఒకలకు తగుల్తరు. మామూలు గాలిల అణువు పరిస్థితి అంతే, 70 నానోమీటర్లు పోంగనే ఇంకోదానికి గుద్దుకుంటది. గాలి తీసేస్తే పదుల మీటర్లు అడ్డం లేకుంట పోతది. అప్పుడు టంగ్‌స్టన్ తొట్టిల లోహం పెట్టి కరెంట్ ఇస్తే అది ఆవిరై, తిన్నగ పోయి, పైన వేలాడదీసిన అద్దానికి అంటుకుంటది.

ఇంకో పద్ధతి స్పట్టరింగ్. చాంబర్‌ల జర ఆర్గాన్ వాయువు వదిలి, దానికి కరెంట్ పెట్టి, ఆర్గాన్ అయాన్లను లోహం బిళ్ల మీదికి ఉరికిస్తరు. గోటీల ఆట యాది చేసుకోండ్రి: ఒక గోటీ వచ్చి గుద్దితే వరుసల ఉన్న గోటీ ఎగిరి పడ్తది. అట్ల ఎగిరిన అణువులే పొర అయితయి. ఈ మిషన్లు పిరమైనవి. అందుకే మన యూనివర్సిటీలల్ల చానా కాడ స్ప్రే కొట్టుడు, రసాయన నీళ్లల్ల ముంచుడు, చుక్క వేసి గిర్రున తిప్పుడు లాంటి సవక పద్ధతులు నడుస్తయి. సవక అని తక్కువ చూడొద్దు. వేడి చేసిన అద్దం మీద స్ప్రే కొట్టి చేసిన పొర మీద ఎంతోమంది డాక్టరేట్లు తెచ్చుకున్నరు, పని తెల్సినోళ్ల చేతుల అది మంచిగనే వస్తది.

పొర ఎంత మందం ఎక్కుతున్నదో ఎట్ల తెలుస్తది? నాకు అన్నిట్ల బాగ నచ్చింది ఇదే. చాంబర్ లోపల ఒక క్వార్ట్జ్ బిళ్ల పెడ్తరు. చేతి గడియారంల ఉండేది దాని చిన్న తమ్ముడే. అది సెకనుకు లక్షల సార్లు కంపిస్తుంటది. దాని మీద లోహం పడ్డకొద్ది బరువెక్కి కంపనం నెమ్మదిస్తది. ఎంత నెమ్మదించిందో చూసి ఎన్ని నానోమీటర్లు ఎక్కిందో లెక్క కడ్తరు. నెత్తి మీద మూట పెరిగిన కొద్ది మనిషి నడక తగ్గినట్టు.

ఇగ కొలుసుడు. ఎక్స్‌రేలు పొర మీద పడేస్తే అవి కొన్ని కోణాలల్లనే గట్టిగ ఎనుకకు వస్తయి. ఆ కోణాలను బట్టి లోపల అణువులు ఎట్ల వరుసకట్టినయో తెలుస్తది. ఈ లెక్క చెప్పిన తండ్రీకొడుకులు బ్రాగ్‌లకు 1915ల నోబెల్ వచ్చింది. పొర కరెంటును ఎంత అడ్డుకుంటదో చూడనీకి నాలుగు సూదుల పరికరం వాడ్తరు. బయటి రెండు సూదులు కరెంట్ పంపుతయి, లోపలి రెండు వోల్టేజీ చూస్తయి. రెండే పెడితే సూది ఆనిన కాడ ఉండే అడ్డు కూడా పొర లెక్కలకు వస్తది, అందుకే నాలుగు. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. పదార్థం గుణం తేల్చనీకి వచ్చిన అంకెను మందంతోని గుణించాలె. మందం నూటికి ఇరవై తప్పు కొలిస్తే గుణం కూడా నూటికి ఇరవై తప్పు. ఒక కాడ జారితే అన్ని కాడ జారుతది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు చూస్తే మాత్రం కండ్లు చెదురుతయి. పూలు, రవ్వ గింజలు, ఇటుకలు పేర్చినట్టు ఉంటది. జర ఆగి లెక్క చేయండ్రి. పది మైక్రాన్ల పొడుగు, పది మైక్రాన్ల వెడల్పు ఉన్న బొమ్మ అంటే, ఒక చదరపు సెంటీమీటర్ పొరల పది లక్షల వంతు. వరంగల్ పట్టణమంత చూసొచ్చిన అని చెప్పి ఒక్క ఇంటి ఫొటో చూపిచ్చినట్టు. ఆ ఇల్లు మంచిగున్నది, సరే. పక్క గల్లీ సంగతేంది? అందుకే మంచి ల్యాబుల పది జాగలల్ల తీస్తరు, బాగలేని జాగ కూడా చూపిస్తరు. సెల్లో టేపు అతికిచ్చి గుంజి, పొర ఊడిందా లేదా చూసే పరీక్ష కూడా ఉన్నది. పది రూపాయల టేపు, కోట్ల మిషన్ చెప్పని నిజం ఒక్కోసారి అదే చెప్తది.

కొలిచేటోని మాట తప్ప ఇంకేం లేకుంటే ఏమైతదో ప్రపంచం ఒకసారి చూసింది. అమెరికాల బెల్ ల్యాబ్స్ అంటే ట్రాన్సిస్టర్ పుట్టిన జాగ. అక్కడ యాన్ హెండ్రిక్ షోన్ అనే జర్మనీ యువకుడు 2000, 2001ల దుమ్ము లేపిండు. ఆర్గానిక్ స్ఫటికాల మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర వేసి, అంతకుముందు ఎవలూ చూడని ఫలితాలు వచ్చినయి అన్నడు. 2001ల సగటున ఎనిమిది రోజులకు ఒక పేపర్ మీద ఆయన పేరు ఉన్నది. నోబెల్ వస్తదన్నరు. ఆ పొర యాడ వేసినవయ్యా అంటే, జర్మనీల కాన్‌స్టాంజ్ యూనివర్సిటీల ఉన్న స్పట్టరింగ్ మిషన్ల అన్నడు. మిగతా ల్యాబులల్ల పిల్లలు నెలలు, సంవత్సరాలు కొట్లాడిన్రు, ఎవలకూ అట్లాంటి పొర రాలే. మా చేతులల్లనే లోపం ఉన్నదేమో అని వాళ్లే కుమిలిన్రు. నాకు ఈ కథల కోపం వచ్చేది ఇక్కడనే. దొంగలెక్క రాసినోడు ఒకడు, నిందను నెత్తిన మోసింది స్టైపెండ్ మీద బతికే పిల్లలు.

పట్టుబడ్డది ఎట్ల? వేర్వేరు పదార్థాల మీద, వేర్వేరు చోట్ల వేసినయని చూపిన గ్రాఫులల్ల, ముల్లు వణికినట్టు వచ్చే చిన్న చిన్న గీతలు కూడా అచ్చుగుద్దినట్టు ఒకటే ఉన్నయి. అసలు సిసలు కొలతల ఆ వణుకు రెండోసారి అట్లనే రానే రాదు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మాల్కమ్ బీస్లీ పెద్దగ కమిటీ వేసిన్రు. 2002 సెప్టెంబర్ల రిపోర్ట్ వచ్చింది. 24 ఆరోపణలల్ల 16 నిజమని తేలింది. ల్యాబ్ నోట్‌బుక్కులు లేవు, అసలు డేటా ఫైళ్లు కంప్యూటర్ల జాగ లేక తీసేసిన అన్నడు, శాంపిళ్లు చూపిద్దామంటే పాడైనయి లేదా పారేసినం అన్నడు. పంచనామాల శవం లేదు, సాక్షి లేడు, రికార్డు లేదు, కాగితం మీద సంతకం మాత్రం ఉన్నది.

షోన్ చేసింది కావాలని చేసిన మోసం. మోసం లేకుంట కూడా అంకె తప్పుదోవ పట్టిస్తది, దానికి సోలార్ పొరలే సాక్ష్యం. పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థంతోని సోలార్ సెల్లు చేస్తున్నరు. సగం మైక్రాన్ మందం పొర చాలు, మామూలు సిలికాన్ పలకల వందల రెట్లు మందం కావాలె. 2009ల జపాన్ల మియసాక బృందం మొదటిసారి చేసినప్పుడు ఎండల 3.8 శాతమే కరెంటు అయింది. ఇప్పుడు ల్యాబులల్ల 25 శాతం దాటింది. నిజంగ గొప్ప పనే. కాని మొదటి రోజులల్ల ఒక తిరకాసు బయటపడ్డది. అదే సెల్లు, అదే వెలుగు. వోల్టేజీని కింది నుంచి మీదికి పెంచుకుంట కొలిస్తే ఒక అంకె, మీది నుంచి కిందికి దించుకుంట కొలిస్తే ఇంకో అంకె. పెద్ద అంకెనే రాసుకుంటే ఎవలు అడుగుతరు? ఈ తిప్పలు చూసే 2015ల నేచర్ ఫొటానిక్స్ పత్రిక సోలార్ సెల్లుల పేపర్లకు ఒక చెక్‌లిస్టు పెట్టింది. ఎంత జాగ కొలిచినవు, ఎటు నుంచి ఎటు కొలిచినవు, ఎన్ని సెల్లుల మీద కొలిచినవు, అన్ని చెప్పాలె అన్నది.

ఇంకో సంగతి, ఈ సెల్లులల్ల చానా మట్టుకు సీసం ఉంటది. తడికి, వేడికి పొర చెడుతది. రామగుండం ఎండకు, మన వానకు ఎన్నేండ్లు నిలబడ్తది, పలక పగిలితే ఆ సీసం ఎవలి చెల్కలకు పోతది అన్నది కూడా కొలవాల్సిన లెక్కనే. శాతం అంకె హెడ్డింగుల వస్తది, ఈ లెక్క రాదు.

మన కాడికి వద్దాం. పొరను చేసుడు జిల్లా యూనివర్సిటీల కూడా అయితది. కొలిచే పెద్ద మిషన్లు మాత్రం పెద్ద సంస్థలల్ల ఉంటయి. శాంపిల్ డబ్బల పెట్టి, ఫీజు కట్టి, వంతు కోసం చూసుడు పరిశోధక విద్యార్థులకు అలవాటైన పని. ఫెలోషిప్ పైసలు రాని నెలల ఒక శాంపిల్ కొలిపిచ్చుడు కూడా భారమే. మూడు జాగలల్ల తీయాల్సిన బొమ్మ ఒక్క జాగల తీసి సరిపెట్టుకుంటే ఆ పిల్లగాండ్లను నేను తిట్టను. అయినా అట్లనే పేపర్ అచ్చయితే నష్టం అందరిది. సర్కారు పైసలతోని కొన్న పరికరాలు ఎవలైనా బుక్ చేసుకోవచ్చని కేంద్రం 2020 జనవరిల ఐ-స్టెమ్ అనే పోర్టల్ తెచ్చింది. మంచిదే. మిషన్ పేరు జాబితాల ఉంటే సరిపోదు. దాన్ని నడిపే ఆపరేటర్ పోస్టు నింపాలె, ఖరాబైతే బాగుచేసే బడ్జెట్ ఉండాలె, రాష్ట్ర యూనివర్సిటీ పిల్లలకు ఫీజు మాఫీ కావాలె.

అట్లనే పన్ను పైసలతోని చేసిన ప్రతి పొరకు అసలు డేటా ఫైళ్లు అందరికీ అందుబాటుల పెట్టాలె, శాంపిల్ను పేరు, తారీఖు రాసి కొన్నేండ్లు దాచాలె. ఇంకోసారి ఏ పేపర్లనన్న కొత్త పదార్థం, రికార్డు ఫలితం అని వార్త కనవడితే ఆ విలేకరికి ఫోన్ కొట్టి మూడే అడుగుండ్రి: ఎంత జాగ మీద కొలిచిన్రు, ఎన్ని శాంపిళ్లు చేసిన్రు, ఇంకో ల్యాబుల అదే వచ్చిందా?